ఒక్క గోలే తేడా!

భారత్-పాకిస్థాన్ మ్యాచ్ అంటే మనకు క్రికెట్టే. కానీ మరో ఆటలోనూ ఈ దాయాదులు నువ్వా నేనా అన్నట్టు తలపడుతున్నారు. దక్షిణాసియా క్రీడల్లో వరుసగా రెండు ఫైనల్స్ ఆడి, ఒకసారి మనవాళ్లు, ఒకసారి వాళ్లు... రెండుసార్లూ ఒక్క గోల్ తేడాతోనే గెలిచారు. ఆ ఆట పేరు హ్యాండ్‌బాల్. ఇలాంటి మ్యాచ్ ఒక్కటి దగ్గర్నుంచి చూస్తే ఎలా ఉంటుందో తెలుసా?

ఆదివారం పొద్దున్నే జీడిమెట్లలో కాస్త ఖాళీ స్థలం కనిపిస్తే చాలు, అక్కడో క్రికెట్ మ్యాచ్ నడుస్తుంటుంది. పారిశ్రామికవాడ గోడల పక్కన, కుత్బుల్లాపూర్ సందుల్లో, సుచిత్ర దాటి కొంపల్లి వైపు వెళ్తే ఇంకా ప్లాట్లుగా మారని నేలమీద... ఎటు చూసినా అదే దృశ్యం. ఆడుతున్న పిల్లల్ని ఆపి 'భారత్-పాక్ మ్యాచ్‌ల్లో మీకు బాగా గుర్తున్నదేంటి?' అని అడగండి. 2022లో మెల్‌బోర్న్‌లో కోహ్లి కొట్టిన సిక్సర్ అంటారు. పక్కనే నిలబడ్డ నాన్ననడిగితే 2007 టీ20 ప్రపంచకప్ ఫైనల్ అంటాడు. తాతయ్యకైతే షార్జాలో మియాందాద్ కొట్టిన చివరి బంతి సిక్సర్ ఇప్పటికీ మనసులో ముల్లే!

'2016 ఫిబ్రవరి, గువాహటి' అని చెప్పేవాళ్లు మాత్రం దాదాపు ఉండరు.

ఆ నెలలో అస్సాం, మేఘాలయల్లో దక్షిణాసియా క్రీడలు జరిగాయి. పురుషుల హ్యాండ్‌బాల్ ఫైనల్లో భారత్, పాకిస్థాన్ ఎదురెదురు పడ్డాయి. మ్యాచ్ ముగిసేసరికి భారత్ 32, పాకిస్థాన్ 31. బంగారం మనది. దాదాపు నాలుగేళ్లు తిరిగాయి. 2019 డిసెంబరులో నేపాల్‌లో మళ్లీ అవే క్రీడలు, మళ్లీ అదే ఫైనల్. ఈసారి పాకిస్థాన్ 30, భారత్ 29. బంగారం వాళ్లది. ఈ రెండు మ్యాచ్‌ల గోల్స్ కూడి చూస్తే లెక్క మరీ చిత్రంగా ఉంటుంది. వాళ్లవి 61... మనవీ 61!

ఇంత హోరాహోరీ పోరు క్రికెట్‌లో జరిగి ఉంటే ఏళ్ల తరబడి చెప్పుకునేవాళ్లం. హ్యాండ్‌బాల్‌లో జరిగింది కాబట్టి మర్నాటి పేపర్లో నాలుగు లైన్లతో సరిపోయింది.

నిమిషానికో గోల్

హ్యాండ్‌బాల్ అర్థం కావడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. ఫుట్‌బాల్‌ని చేత్తో ఆడితే ఎలా ఉంటుందో ఊహించుకుని, దానికి కాస్త కబడ్డీ కలపండి. కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. ఒక్కో జట్టు నుంచి ఏడుగురు బరిలో ఉంటారు. అందులో ఒకరు గోల్‌కీపర్. 30 నిమిషాల చొప్పున రెండు భాగాలు. బంతి పట్టుకుని మూడడుగులకు మించి వేయకూడదు. మూడు సెకన్లకు మించి చేతిలో ఉంచుకోకూడదు.

గోల్ ముందు ఆరు మీటర్ల దూరంలో ఓ గీత ఉంటుంది. ఆ గీత లోపల నేల గోల్‌కీపర్‌ది. దాడి చేసేవాళ్లు అందులో కాలు పెట్టకూడదు. కానీ గాల్లో దాటొచ్చు! ఆటకు అందం తెచ్చేది ఈ చిన్న వెసులుబాటే. ఆటగాడు గీత బయట నుంచి ఎగిరి, గాల్లో ఉండగానే బంతి విసిరి, ఆ తర్వాతే లోపల పడతాడు. మంచి ఆటగాడి చేతిలోంచి బంతి గంటకు వంద కిలోమీటర్ల పైచిలుకు వేగంతో దూసుకొస్తుంది. పురుషుల బంతి బరువు అర కిలోకి కొంచెం తక్కువ. దాన్ని గోల్‌కీపర్ చేతులకు గ్లవ్స్ లేకుండానే ఆపాలి. చేయి, కాలు, ఛాతీ... ఏది అడ్డం పడితే అది. వచ్చిన ప్రతి పది షాట్లలో మూడో నాలుగో ఆపితే ఆ గోల్‌కీపర్ గొప్పవాడే.

ఫుట్‌బాల్‌లో తొంభై నిమిషాలు కూర్చున్నా ఒక్క గోల్ చూడకుండానే ఇంటికి రావాల్సి రావచ్చు. ఇక్కడ ఆ బాధ లేదు. గంట ఆటలో రెండు జట్లూ కలిసి యాభై, అరవై గోల్స్ కొడతాయి. అంటే దాదాపు నిమిషానికొకటి. మంచినీళ్ల సీసా కోసం పక్కకి వంగితే ఒక గోల్ పోయినట్టే!

చివరి నిమిషంలో ఏం జరుగుతుంది?

సమఉజ్జీలు తలపడ్డప్పుడు అసలు కథంతా చివరి నిమిషంలోనే ఉంటుంది. స్కోరు 31-31. బంతి మన చేతిలో. గడియారంలో యాభై సెకన్లు. అప్పుడు కోచ్ పరుగున వెళ్లి అధికారుల బల్ల మీద ఆకుపచ్చ కార్డు పెడతాడు. అది టైమ్‌అవుట్ సంకేతం. ఒక్క నిమిషం. ఆటగాళ్లందరూ గుమిగూడతారు. చిన్న బోర్డు మీద గీతలు గీసి ఎవరు ఎటు పరుగెత్తాలో కోచ్ చెబుతాడు. హాలంతా గోలగోలగా ఉన్నా అక్కడ మాత్రం ఆయన గొంతొక్కటే.

ఆధిక్యంలో ఉన్న జట్టు బంతిని అటూ ఇటూ తిప్పుతూ కాలక్షేపం చేస్తామంటే కుదరదు. దాడి చేసే ఉద్దేశం కనిపించకపోతే రిఫరీ చెయ్యెత్తి హెచ్చరిస్తాడు. ఆ తర్వాత నాలుగు పాస్‌లలోపు షాట్ కొట్టాల్సిందే. ఒకప్పుడు ఆరు పాస్‌లుండేవి, 2022లో నాలుగుకు తగ్గించారు. వెనకబడ్డ జట్టుకూ ఓ పాచిక ఉంది. గోల్‌కీపర్‌ని బయటికి పిలిచి ఏడో ఆటగాడిని దాడికి దింపొచ్చు. పారితే గోల్. బంతి చేజారిందా... ఖాళీగా ఉన్న గోల్‌లోకి అవతలివాళ్లు కోర్టు ఆ చివర నుంచే విసిరేస్తారు!

చివరి ముప్ఫై సెకన్లలో షాట్‌ను ఆపడానికి ఒళ్లు తెలియకుండా మీదపడితే ఎర్రకార్డుతో పాటు ప్రత్యర్థికి ఏడు మీటర్ల త్రో ఇస్తారు. ఫుట్‌బాల్‌లో పెనాల్టీ లాంటిదన్నమాట. అంటే కోపాన్ని అదుపులో పెట్టుకోలేనివాడు తన జట్టునే ఓడిస్తాడు. దాయాదుల మ్యాచ్‌లో ఇది మరీ నిజం. బలం ఇద్దరికీ ఉంటుంది. చివరి ముప్ఫై సెకన్లలో నిగ్రహం ఎవరికుంటే వాళ్లదే పతకం.

ప్రపంచమంతా పక్కింటివాళ్లతోనే పోటీ!

ఈ ఆట పుట్టిల్లు ఉత్తర ఐరోపా. డెన్మార్క్‌లో హోల్గర్ నీల్సన్ అనే ఉపాధ్యాయుడు ఒక రూపం ఇచ్చాడు. జర్మనీలో మరికొంత మెరుగుపడింది. ఇప్పుడు ఆడే ఇండోర్ ఆట 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది. మహిళలకు 1976 మాంట్రియల్‌లో చోటు దొరికింది. అక్కడ డెన్మార్క్-స్వీడన్, ఫ్రాన్స్-జర్మనీ మ్యాచ్‌లంటే మనకు భారత్-పాక్ క్రికెట్ లాంటివే. 2024 జనవరిలో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో యూరోపియన్ టోర్నీ తొలిరోజు మ్యాచ్‌లను ఫుట్‌బాల్ స్టేడియంలో పెడితే 53,586 మంది వచ్చారు. హ్యాండ్‌బాల్ చరిత్రలో అది రికార్డు. అదే ఏడాది పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ గెలుపు ఖాయమనుకున్న క్షణంలో బంతి చేజార్చుకుంది. జర్మనీ కుర్రాడు రెనార్స్ ఉషిన్స్ చివరి సెకన్లలో స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో జర్మనీ 35-34తో గెలిచింది. అక్కడా ఒక్క గోలే తేడా!

ఆసియాలోనూ ఇలాంటి కథలున్నాయి. దక్షిణ కొరియా మహిళలు 1988, 1992 ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు గెలిచారు. 2004 ఏథెన్స్ ఫైనల్లో డెన్మార్క్‌తో రెండుసార్లు అదనపు సమయం ఆడినా స్కోరు 34-34. చివరికి ఏడు మీటర్ల త్రోలలో ఓడిపోయారు. ఆ ఓటమి మీద కొరియాలో సినిమా కూడా వచ్చింది. గెలుపు మీద సినిమాలు తీయడం మామూలే. ఓడినవాళ్ల మీద తీశారంటే ఆ మ్యాచ్‌ని జనం ఎంతగా గుండెల్లో పెట్టుకున్నారో అర్థం చేసుకోవచ్చు.

ఇంకో ముచ్చట. 2007లో జపాన్‌లో జరిగిన ఒలింపిక్ అర్హత పోటీల్లో రిఫరీల తీర్పులు ఏకపక్షంగా ఉన్నాయని గొడవ రేగింది. అంతర్జాతీయ సమాఖ్య మళ్లీ ఆడమంది. కువైట్ రానంది. 2008 జనవరి 30న టోక్యోలో కొరియా, జపాన్ పురుషుల జట్లు తలపడ్డాయి. ఈ ఇద్దరి మధ్య పోటీ ఏ ఆటలోనైనా చల్లారనిది. పది వేల మందికి పైగా జనంతో హాలు నిండిపోయింది. కొరియా 28-25తో నెగ్గి బీజింగ్ వెళ్లింది. జపాన్ జట్టు ఓడినా, ఆ రోజు స్టేడియం అలా నిండడం అక్కడి హ్యాండ్‌బాల్‌కు మరపురాని విషయమే.

హైదరాబాద్‌కే వచ్చిన ఆసియా

ఇవన్నీ ఎక్కడో దూరదేశాల ముచ్చట్లనుకోకండి. 2017 నవంబరులో ఆసియా పురుషుల క్లబ్ లీగ్ హ్యాండ్‌బాల్ పోటీలు మన హైదరాబాద్‌లోనే జరిగాయి. బహ్రెయిన్‌కు చెందిన అల్ నజ్మా క్లబ్ టైటిల్ గెలిచి, ఆ మరుసటి ఏడాది ఖతార్‌లో ప్రపంచ క్లబ్‌ల టోర్నీకి వెళ్లింది. బార్సిలోనా లాంటి మేటి జట్లు ఆడే టోర్నీ అది. ఆ స్థాయి జట్టు ఆటను చూడటానికి జీడిమెట్ల కుటుంబానికి విమానం టిక్కెట్ అక్కర్లేకపోయింది. బాలానగర్, కూకట్‌పల్లి ట్రాఫిక్‌ను ఓర్చుకుంటే చాలు!

గల్ఫ్‌లో ఈ ఆటకు ఆదరణ చాలా ఎక్కువ. 2015లో ఖతార్ తన సొంతగడ్డ మీద ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ దాకా వెళ్లి ఫ్రాన్స్ చేతిలో ఓడింది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లిన మనవాళ్లు లక్షలమంది ఉన్న దేశాలవి. కానీ ఆ ఆట అక్కడి నుంచి మన ఇళ్లలోకి మాత్రం రాలేదు.

ఆడేవాళ్లకు దక్కేదేంటి?

మన దేశంలో హ్యాండ్‌బాల్ సమాఖ్య 1970ల్లోనే ఏర్పడింది. 1982 దిల్లీ ఆసియా క్రీడల్లో భారత జట్టు బరిలో దిగింది. పాఠశాలల జాతీయ పోటీల్లోనూ ఈ ఆట ఉంది. అయినా మన ఆటగాళ్లలో చాలామంది కల ఒక్కటే... స్పోర్ట్స్ కోటాలో ఓ ఉద్యోగం. రైల్వేలోనో, సైన్యంలోనో, పోలీసుశాఖలోనో కుదురుకుంటే ఇంటికి జీతం వస్తుంది, సాధనకూ వీలు దొరుకుతుంది. అందుకే వాళ్లకు అంతర్జాతీయ పతకం అంటే గోడకు తగిలించుకునే వస్తువు కాదు. ఉద్యోగం, పదోన్నతి, చెల్లెలి పెళ్లి... ఇలాంటివెన్నో దాంతో ముడిపడి ఉండొచ్చు. ఒక్క గోల్ తేడా అంటే మనకు ఓ అంకె. వాళ్లకు అది ఎన్నో ఏళ్ల కష్టం.

2023 జూన్‌లో జైపూర్‌లో ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్ పెట్టినప్పుడు ఆరు జట్లలో తెలుగువాళ్ల పేరుతో 'తెలుగు టాలన్స్' కూడా బరిలో దిగింది. కబడ్డీకి టీవీ ఎంత మేలు చేసిందో మనం చూశాం. పల్లెల్లో ఆడుకునే ఆట కాస్తా ఇంటింటా చూసే ఆటయింది. హ్యాండ్‌బాల్‌కు అలాంటి రోజు రావాలంటే ఆడేవాళ్లతో పాటు చూసేవాళ్లూ కావాలి.

శామీర్‌పేట దారిలో హకీంపేట క్రీడా పాఠశాల ఉంది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు హాస్టల్లో ఉంటూ తెల్లవారకముందే మైదానంలోకి దిగుతారు. వాళ్లు ఏ ఆట ఆడినా ఎదురుచూసేది ఒక్కటే, ఎవరైనా వచ్చి చప్పట్లు కొట్టాలని.

మీరూ వెళ్తారా?

మన ఊళ్లో ఎప్పుడైనా అంతర్జాతీయ హ్యాండ్‌బాల్ టోర్నీ జరిగితే పిల్లల్ని తీసుకుని అరగంట ముందే వెళ్లండి. ఆటగాళ్లు ఒళ్లు వేడెక్కించుకునేటప్పుడు గోల్‌కీపర్‌ని గమనించండి. తోటి ఆటగాళ్లు ముందు మెల్లగా, తర్వాత జోరుగా విసురుతూ అతన్ని సిద్ధం చేస్తారు. వీలైతే కోర్టు మధ్యకు ఎదురుగా కూర్చోండి. రెండువైపుల ఆటా కనిపిస్తుంది. ప్రత్యర్థుల గోడ మధ్యలో వీపు చూపిస్తూ నిలబడే ఆటగాడి మీద ఓ కన్నేయండి. అతన్ని 'పివట్' అంటారు. తోపులాటంతా అతని చుట్టూనే. వేళ్లకు బంక రాసుకుంటున్నారెందుకని పిల్లలడిగితే, బంతి జారకుండా అని చెప్పండి. మ్యాచ్ అయ్యాక వెంటనే లేచి రాకండి. గంటసేపు ఒకరినొకరు నెట్టుకున్నవాళ్లు ఎలా విడిపోతారో కూడా పిల్లలు చూడాలి.

పాకిస్థాన్‌తో ఆట మాటకొస్తే, 2025 ఆగస్టులో కేంద్ర క్రీడాశాఖ ఓ విధానం ప్రకటించింది. దాని ప్రకారం రెండు దేశాల మధ్య విడిగా పోటీలుండవు. చాలా దేశాలు పాల్గొనే టోర్నీల్లో మాత్రం మనవాళ్లు ఆడొచ్చు. అంటే ఈ దాయాదుల పోరుకు మిగిలిన వేదిక అంతర్జాతీయ టోర్నీ ఒక్కటే. అది ఎప్పుడొస్తుందో, ఎక్కడొస్తుందో చెప్పలేం. వచ్చినప్పుడు మాత్రం వదులుకోకూడదు.

ఆ రెండు ఫైనల్స్ లెక్క 61-61 దగ్గరే ఆగి ఉంది. ఈసారి ఎవరో ఒకరు ముందుకెళ్తారు. మర్నాడు జీడిమెట్ల మైదానంలో బ్యాటు పట్టుకున్న కుర్రాడు 'నిన్న హ్యాండ్‌బాల్ చూశావా?' అని పక్కవాణ్ని అడిగితే... ఆ రోజు స్కోరు ఏదైనా, ఆట గెలిచినట్టే!