ఆకాశం నుంచి చూస్తే పామిడి

అనంతపురం నుంచి గుత్తికి పోయే దారిలో పామిడి వస్తుంది. అక్కడ పెన్నేరు వంతెన దాటేటప్పుడు బస్సు కిటికీలోంచి కిందికి చూడండి. ఏడాదిలో ఎక్కువ రోజులు మీకు కనిపించేది నీరు కాదు, ఇసుక. అక్కడక్కడ ముళ్లకంప. మీ సాంఘికశాస్త్రం పుస్తకంలో మాత్రం పెన్న ఒక నీలి గీత. కర్ణాటకలోని నంది కొండల వైపు పుట్టి, సుమారు 597 కిలోమీటర్లు నడిచి, నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలుస్తుంది. మరి పుస్తకం అబద్ధం చెప్పిందా? లేదు. దేశమంతా ఒక్క పేజీలో ఇమడాలంటే ఏ నదినైనా గీతగానే గీయాలి. ఆ గీతలో పామిడి ఇసుకకు చోటుండదు.

ఈనాడు ఆ ఇసుకను కూడా చూపించే పటాలు మీకు అందుబాటులో ఉన్నాయి. మన అంతరిక్ష పరిశోధన సంస్థ ఇస్రో 2009 ఆగస్టులో 'భువన్' అనే పటాల సంపుటిని ఇంటర్నెట్‌లో ఉంచింది. దాన్ని నడిపేది హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం. బడిలో ఒక్క కంప్యూటరు ఉన్నా చాలు, తరగతి మొత్తం కలిసి చూడవచ్చు. అమెరికా వారి లాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి తీస్తున్న చిత్రాలు కూడా ఉచితంగానే దొరుకుతాయి. అంటే మీరు పుట్టకముందు మీ ఊరు పైనుంచి ఎలా ఉండేదో చూడవచ్చునన్నమాట!

పామిడి చిత్రం తెరిచారనుకుందాం. కొన్ని చిత్రాలలో పైర్లు పచ్చగా కాక ఎర్రగా ఉంటాయి. కంగారు పడకండి. ఆకు తన ఆహారం తయారు చేసుకోవడానికి సూర్యకాంతిలోని ఎరుపును చాలావరకు మింగేస్తుంది. కంటికి కనిపించని పరారుణ కాంతిని మాత్రం బాగా వెనక్కి కొడుతుంది. ఉపగ్రహంలోని కెమెరా ఆ పరారుణాన్ని పట్టుకుంటుంది. మన కన్ను చూడలేని దాన్ని చూపించాలంటే ఏదో ఒక రంగు వెయ్యాలి గదా! ఎరుపు వేస్తారు. నీరు పరారుణాన్ని మింగేస్తుంది కనుక చెరువులు నల్లగా ఉంటాయి. ఎండిన ఇసుక తెల్లగా మెరుస్తుంది. కాబట్టి పామిడి పక్కన వంకర తిరిగిన తెల్లని పట్టీయే మన పెన్నేరు.

ఆకు వాడితే ఏమవుతుంది? లెక్క చూడండి. ఏపుగా ఉన్న పైరు మీద పడిన కాంతిలో నూటికి 8 వంతుల ఎరుపు, 48 వంతుల పరారుణం తిరిగి వచ్చాయనుకోండి. వాటి తేడా 40, మొత్తం 56. తేడాను మొత్తంతో భాగిస్తే సుమారు 0.71. నీరు లేక వాడిన పైరు నుంచి 20, 30 వచ్చాయనుకోండి. తేడా 10, మొత్తం 50, భాగఫలం 0.2. దీన్నే పచ్చదనపు సూచిక అనవచ్చు. ఒక్క భాగహారంతో ఆకాశంలో 700 కిలోమీటర్ల ఎత్తు నుంచి పైరు దాహాన్ని పసిగట్టడం గమ్మత్తుగా లేదూ?

ఈ లెక్కకు మన జిల్లాలో చాలా విలువ ఉంది. అనంతపురం వర్షచ్ఛాయలో ఉంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసి తేలికపడతాయి. తూర్పు తీరం మనకు దూరం. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదైనా వేళకు పడితే మేలే. శనక్కాయ ఊడలు దిగి గింజ పట్టే రోజుల్లో నెల రోజులు మొగం చాటేసిందంటే, తరవాత ఎంత కురిసినా లాభం లేదు. అప్పుడు మండలాన్ని కరువు మండలంగా ప్రకటించాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. రైతుకు అందే సాయం దాన్నిబట్టే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2016లో వెలువరించిన కరువు నియమావళి ప్రకారం వానలెక్కతో పాటు విత్తిన విస్తీర్ణం, నేల తేమ, జలాశయాల మట్టం, ఉపగ్రహం ఇచ్చే పచ్చదనపు సూచిక వంటివి చూస్తారు.

ఇక్కడొక చిక్కు ఉంది. కంపచెట్టు ఉందే, అదే సర్కారు తుమ్మ, దాని వేళ్లు చాలా లోతుకు పోతాయి. శనక్కాయ మాడిపోయినా అది పచ్చగానే ఉంటుంది. పైనుంచి చూసే కెమెరాకు రెండూ ఎర్రగానే కనిపించవచ్చు. 10 మీటర్ల గడులుగా తీసే ఐరోపా వారి సెంటినెల్-2 చిత్రంలో ఎకరం అంటే 40 గడులు. లాండ్‌శాట్‌లోనైతే గడి 30 మీటర్లు, ఎకరానికి నాలుగున్నర గడులే! గట్టు మీది కంప, చేనులోని పైరు ఒకే గడిలో కలిసిపోతే వేరు చేయడం కష్టం. పైగా పైరు కాలమంటే మబ్బుల కాలం. మామూలు కెమెరా మబ్బును దాటి చూడలేదు. 2012లో మనవారు పంపిన రిశాట్-1 వంటి రాడార్ ఉపగ్రహాలే చూడగలవు.

అందుకే ఆ నియమావళి ఇంకో మాట కూడా చెప్పింది. కరువు సూచనలు కనిపించిన మండలాల్లో నూటికి పది గ్రామాలను ఎంచుకొని, మనుషులు పొలాలకు వెళ్లి పైరును స్వయంగా చూడాలి. శాస్త్రజ్ఞులు దీన్ని నేల సాక్ష్యం అంటారు. కోట్ల రూపాయల ఉపగ్రహం చెప్పినదాన్ని గట్టు మీద నిలబడిన మనిషి సరిచూస్తాడన్నమాట.

మళ్లీ చిత్రానికి వద్దాం. పామిడికి పడమట, ఎగువన, పెనకచెర్ల దగ్గర నల్లని మరక కనిపిస్తుంది. అది మధ్య పెన్నా జలాశయం. దాని కాలువల వెంబడి ఎండు నేలల మధ్య ఎర్రని పట్టీలు సాగుతాయి. ఆ పైరు పెన్న నీటితోనే పండుతోందనుకుంటారు. కాని ఆ నీటిలో ఎక్కువ భాగం కర్ణాటకలోని తుంగభద్ర నుంచి ఎగువ కాలువ ద్వారా వచ్చింది. తుంగభద్ర కృష్ణకు ఉపనది. కృష్ణ పరీవాహకంలోని నీరు పెన్న పరీవాహకంలో పైరును తడుపుతోంది! ఎంత పెద్దది చేసి చూసినా ఈ సంగతి ఆ చిత్రంలో కనపడదు. దానికి కాలువల చరిత్ర, రాష్ట్రాల మధ్య నీటి పంపకాలు చదవాలి. పాఠ్యపుస్తకం అవసరం ఇక్కడే పడుతుంది.

ఇంటర్నెట్‌లో అంకెలు వెతికేటప్పుడు తేదీని తప్పక చూడండి. అనంతపురం జిల్లా విస్తీర్ణం అని అడిగితే ఒకచోట 19,130 చదరపు కిలోమీటర్లనీ, మరోచోట సుమారు 10,200 అనీ వస్తుంది. రెండూ నిజమే! 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. మొదటిది అంతకు ముందరి లెక్క. 2011 జనాభా లెక్కల్లోని 40,81,148 మంది కూడా పాత జిల్లా జనమే. పామిడి మీదుగా పోయే రహదారికి పాత పటాల్లో 7 అనీ కొత్తవాటిలో 44 అనీ ఉంటుంది. తెలుగు వికీపీడియాలోనైతే పేజీ పైన 'చరిత్ర' అనే మాట నొక్కితే ఏ వాక్యం ఎప్పుడు మారిందో బయటపడుతుంది. అచ్చు పుస్తకానికి ఈ సౌకర్యం లేదు సుమా!

మీది పామిడి కాకపోయినా ఫరవాలేదు, ఒక పని చేయండి. మీ ఊళ్లో ఒక చేను, ఒక కంపల బీడు, ఒక చెరువు ఎంచుకోండి. రైతును అడిగి చేనుగట్టు మీద నిలబడి, ఫోనులో అక్షాంశ రేఖాంశాలు చూసి రాసుకోండి. పామిడివారికి ఉత్తరంగా 14.95 డిగ్రీలు, తూర్పుగా 77.58 డిగ్రీలకు దగ్గరగా వస్తుంది. తేదీ, పైరు పేరు, దాని ఎత్తు, విత్తిన రోజు, ఆఖరి వాన ఎప్పుడు పడిందో కూడా రాయండి. ఆగస్టులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ఇలా చేసి, ఆ వారాలలో మబ్బు లేని రోజు చిత్రంతో పోల్చండి. చేనూ బీడూ ఒకే రంగులో ఉన్న నెల ఏది? రంగు విడిపోయిన నెల ఏది? ఆ మధ్య వానలెన్ని పడ్డాయి?