రెండోసారి కరెంటు పోయేలోగా బ్యాటరీ నిండుతుందా?

మే నెల. రాత్రి ఎనిమిదింటికి ఈదురుగాలి లేచింది, కరెంటు పోయింది. మా ఇంట్లో ఇన్వర్టర్ మీద మూడు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు నడిచాయి. పదకొండింటికి కరెంటు వచ్చింది, పడుకున్నాం. ఒంటిగంటకు మళ్లీ పోయింది. మూడున్నరకు ఇన్వర్టర్ కీచుకీచుమని అరిచి ఆగిపోయింది. తెల్లారేసరికి ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "కొని ఆరు నెలలు కాలేదు, అప్పుడే బ్యాటరీ పోయింది."

కాగితం తీసుకుని లెక్క వేస్తే బ్యాటరీ తప్పేమీ కనిపించలేదు. మధ్యలో కరెంటు ఉన్న ఆ రెండు గంటల్లో అది నిండే వీలే లేదు. ఆ లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు. భాగహారం వస్తే చాలు.

బ్యాటరీ మీద అంటించిన స్టిక్కర్‌తో మొదలుపెడదాం. మాది 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీ. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్. గంటసేపు ఒక ఆంపియర్ కరెంటు ఇస్తే ఒక ఏహెచ్ ఖర్చయినట్టు. పక్కనే చిన్న అక్షరాల్లో 'సి20' అని ఉంటుంది. నెమ్మదిగా, 20 గంటల పాటు వాడుకుంటేనే 150 పూర్తిగా దక్కుతుందని దాని అర్థం. అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున. నాలుగైదు గంటల్లో తోడేస్తే 120 దగ్గరే ఆగిపోతుంది.

ఇక మా వాడకం. ఫ్యాను 70 వాట్లు, బల్బు 9 వాట్లు అనుకుంటే మొత్తం దాదాపు 250 వాట్లు. 12 వోల్టులను 230 వోల్టులుగా మార్చడంలో ఇన్వర్టర్ కొంత వేడి రూపంలో పోగొడుతుంది. అందుకని బ్యాటరీ నుంచి 300 వాట్ల దాకా లాగుతుంది. 300ను 12తో భాగిస్తే 25 ఆంపియర్లు. మూడు గంటలకు 75 ఏహెచ్ ఖర్చు. చేతికందే 120లో ఇంకా 45 మిగిలింది.

పదకొండింటికి కరెంటు వచ్చాక జరిగింది చూడండి. మా ఇన్వర్టర్ బ్యాటరీలోకి 12 ఆంపియర్లు పంపుతుంది. రెండు గంటలకు 24 ఏహెచ్. పంపిందంతా నిలవ ఉండదు, కొంత వేడిగా పోతుంది, కొంత బ్యాటరీ నీళ్లను విడగొట్టడానికి ఖర్చవుతుంది. నికరంగా చేరింది 20. అంతకుముందు మిగిలిన 45తో కలిపితే 65. గంటకు 25 చొప్పున అది రెండున్నర గంటలకు సరిపోతుంది. ఒంటిగంటకు రెండున్నర కలిపితే మూడున్నర. ఇన్వర్టర్ అరిచిన వేళ సరిగ్గా అదే.

ఇందులోంచి ఇంటింటికీ పనికొచ్చే సూత్రం ఒకటి తీసుకోవచ్చు. ఖర్చయిన ఏహెచ్‌కు అయిదో వంతు కలపండి. దాన్ని ఛార్జింగ్ ఆంపియర్లతో భాగించండి. మాకు 75కు 15 కలిపితే 90, దాన్ని 12తో భాగిస్తే ఏడున్నర గంటలు. మీ ఇన్వర్టర్ ఎన్ని ఆంపియర్లు పంపుతుందో దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. కొన్నింటికి డిస్‌ప్లే మీదే కనిపిస్తుంది. మామూలుగా అది బ్యాటరీ సామర్థ్యంలో పదోవంతుకు అటూఇటూగా ఉంటుంది.

అయితే ఆ ఏడున్నర గంటలకు ఇంకో రెండు మూడు గంటలు కలుపుకోవాలి. చివరి భాగం నిండడం ఎప్పుడూ ఆలస్యమే. బస్తాలో వడ్లు ఎత్తేటప్పుడు మొదట గంపలకు గంపలు గుమ్మరిస్తాం. మూతి దగ్గరికి వచ్చేసరికి బస్తాను కుదిపి, సర్ది, దోసిళ్లతో పోస్తాం. బ్యాటరీ కూడా అంతే. మొదట్లో పంపిన కరెంటంతా పలకల్లోకి హాయిగా ఇంకుతుంది. వోల్టేజీ 14.4 దగ్గరికి చేరాక అదే జోరుతో తోస్తే పలకలకు ఎక్కాల్సింది పోయి నీళ్లను హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా చీలుస్తుంది. అందుకే ఛార్జర్ వోల్టేజీని అక్కడే నిలిపి, ఆంపియర్లు వాటంతటవే తగ్గేలా చూస్తుంది. 12 కాస్తా 6, 3, 1 అవుతాయి. బ్యాటరీని గాలి ఆడే చోట పెట్టమని చెప్పేది, అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోయమనేది ఈ వాయువుల వల్లే.

ఇదే లెక్క ఫోనుకూ, స్కూటర్‌కూ పనికొస్తుంది. కాకపోతే వోల్టులు వేరైన చోట ఏహెచ్‌లను పోల్చకూడదు. ఏహెచ్‌ను వోల్టులతో గుణించి వాట్ అవర్లు చేసుకోవాలి. పవర్‌బ్యాంక్ మీద 10,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) అని చూసి 5,000 ఫోనుకు రెండుసార్లు ఛార్జింగ్ వస్తుందని చాలామంది కొంటారు. ఆ 10,000 లోపలి 3.7 వోల్టుల సెల్లుకు రాసిన అంకె, అంటే 37 వాట్ అవర్లు. బయటికి 5 వోల్టులుగా మారి, మళ్లీ ఫోనులోకి ఎక్కేలోగా అందులో కొంత భాగం కరిగిపోతుంది. ఫోను ఒకసారి నిండాక రెండోసారి సగం దాకా ఎక్కితే అది ఉన్నంతలో బాగా పనిచేసినట్టే.

ఎలక్ట్రిక్ స్కూటర్‌కు లెక్క ఇంకా తేలిక. 3 కిలోవాట్ అవర్ల బ్యాటరీ అంటే కరెంటు బిల్లు భాషలో 3 యూనిట్లు. బ్యాటరీలోకి 750 వాట్లు పంపే ఛార్జర్‌తో 20 శాతం నుంచి 80 శాతానికి రావడానికి 1.8 యూనిట్లు ఎక్కాలి. 1,800ను 750తో భాగిస్తే 2.4, సుమారు రెండున్నర గంటలు. మిగిలిన 20 శాతానికి భాగహారం ముప్పావు గంట అని చెప్పినా అంతకన్నా ఎక్కువే పడుతుంది. లిథియం బ్యాటరీకీ చివర దోసిళ్ల లెక్క తప్పదు. ఫాస్ట్ ఛార్జర్ మీద రాసిన వాట్లు కూడా మొదట్లో కాసేపు ఉండే జోరే, చివరిదాకా నిలిచేవి కావు.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. లిథియం బ్యాటరీని 80 దగ్గర ఆపేస్తే దానికి నష్టం లేదు, మేలే. ఇన్వర్టర్‌లోని లెడ్ బ్యాటరీని మాత్రం ఎప్పుడూ సగం సగం నింపి వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత కరెంటు పంపినా అది కరగదు, ఆ మేరకు బ్యాటరీ చిన్నదైపోతుంది. రాత్రి రెండుసార్లు కరెంటు పోయిన మర్నాడు ఇన్వర్టర్ స్విచ్ కట్టేయకుండా దాన్ని పూర్తిగా నిండనివ్వండి.

ఈ లెక్క చేతిలో ఉంటే బ్యాటరీ ఆరోగ్యం మీరే పసిగట్టవచ్చు. రాత్రి మూడు గంటలు వాడారు, ఎనిమిది గంటలైనా పట్టాల్సింది రెండు గంటలకే నిండినట్టు చూపించింది అనుకోండి. భలే త్వరగా నిండిందని సంబరపడకండి. బ్యాటరీ లోపల చోటు తగ్గిపోయిందని దాని అర్థం కావచ్చు. పెద్ద బిందె నిండడానికి పట్టినంత సేపు చెంబుకు పట్టదు కదా. బ్యాటరీ వాడకంలోనూ అంతే త్వరగా ఖాళీ అవుతుంటే, అప్పుడు మెకానిక్‌ని పిలిచి చూపించాలి.

మాది అలాంటి బ్యాటరీ కాదు. ఆ మర్నాడు సాయంత్రం దాకా కరెంటు పోలేదు. పగలంతా నిండింది. రాత్రికి గాలి మళ్లీ లేచింది. ఈసారి రెండు ఫ్యాన్లే వేసుకున్నాం. తెల్లారేదాకా ఇన్వర్టర్ అరవలేదు.