ముంపును తట్టుకునే వరి: స్వర్ణ-సబ్1

కొత్త సాంకేతిక విజ్ఞానం ఆహార భద్రతకు ఎలా తోడ్పడుతుందో ఒక ఉదాహరణ ద్వారా తెలుసుకుందాం.

పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన స్థానంలో రూపొందిన స్వర్ణ (ఎం.టి.యు. 7029) వరి 1982లో విడుదలై, క్రమంగా ఒడిశా, పశ్చిమ బెంగాల్ వంటి తూర్పు రాష్ట్రాలకూ వ్యాపించింది. దిగుబడి ఎక్కువే గాని, వారం రోజులకు మించి వరద నీటిలో మునిగితే పైరు దక్కడం కష్టం. పల్లపు పొలాల్లో చిన్న రైతుకు అది ఏడాది తిండిగింజలు పోవడమే.

మునిగిన వరి మొక్క నీటిపైకి రావాలని త్వరత్వరగా పొడవు పెరుగుతుంది. ఆ ప్రయత్నంలో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చయి, నీరు తీసేసరికి వాలిపోయి చనిపోతుంది. ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్.13ఎ రకంలోని సబ్1ఎ జన్యువు ఈ పెరుగుదలను అదుపు చేస్తుంది. మొక్క శక్తిని దాచుకొని, నీరు తీశాక తిరిగి చిగురిస్తుంది.

అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ లక్షణాన్ని స్వర్ణలోకి తెచ్చారు. ఇది జన్యుమార్పిడి పంట కాదు. సంకరణం వల్ల పుట్టిన మొక్కలను మళ్ళీ మళ్ళీ స్వర్ణతోనే సంకరపరిచి, ప్రతి తరంలోనూ డి.ఎన్.ఎ. గుర్తుల ఆధారంగా కావలసిన మొక్కలను ఎంపిక చేశారు. 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ-సబ్1 సుమారు రెండు వారాల ముంపును తట్టుకుంటుంది. హైబ్రిడ్ కానందున రైతు తన పంట నుంచే విత్తనం ఉంచుకోవచ్చు.

అయితే పూత దశలో మునిగినా, నీరు నెలల తరబడి నిలిచినా ఈ జన్యువు పంటను కాపాడలేదు. కాబట్టి మంచి విత్తనం వచ్చినా మురుగు కాలువల పూడికతీత అవసరం తీరదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మునిగిన పైరు పొడవు పెరగకపోవడం ఎందుకు మేలు?