యూనిట్‌కు కొనుగోళ్ల కన్సల్టెంట్ కావాలా? డబ్బు ఇచ్చే ముందు ఇది చదవండి

(ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు చుట్టుపక్కల పీఎంఎఫ్‌ఎంఈ కింద ఆహార యూనిట్ పెట్టినవారు, పెట్టబోయేవారి కోసం)

పచ్చళ్ల యూనిట్‌కో, వేయించిన ఉల్లి యూనిట్‌కో, ఎండు రొయ్యల ప్యాకింగ్‌కో లోన్ దరఖాస్తు పెట్టారని తెలియగానే ఫోన్లు మొదలవుతాయి. "మెషీన్లు మేమే కొనిపెడతాం, జెమ్‌లో పెట్టిస్తాం, గవర్నమెంటు ఆర్డర్లు తెప్పిస్తాం, ముందు పదిహేను వేలు వేయండి" అంటారు. ఇలా ఫోన్ చేసేవాళ్లంతా మోసగాళ్లు కారు. టెండర్ కాగితాలు, మెషీన్ల రకాలు నిజంగా తెలిసినవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు. కాకపోతే వాళ్లు డబ్బు అడిగే పనుల్లో సగం మీకు ఉచితంగానే జరగాలి. ముందు ఆ సగం ఏదో తెలుసుకోండి, మిగతా సగానికి ఎవరిని పెట్టుకోవాలో తర్వాత చూద్దాం.

డబ్బు కట్టక్కర్లేని పనులు

పీఎంఎఫ్‌ఎంఈలో ప్రతి జిల్లాకు జిల్లా రిసోర్స్ పర్సన్‌లు ఉంటారు. అందరూ డీఆర్పీ అంటారు. ప్రాజెక్టు రిపోర్టు తయారు చేయడం, బ్యాంకుతో మాట్లాడటం, ఉద్యమ్, ఆహార లైసెన్సు, జీఎస్టీ రిజిస్ట్రేషన్లలో సాయం చేయడం వాళ్ల పని. ఒక్కో కేసుకు వాళ్లకు ప్రభుత్వమే రూ.20,000 ఇస్తుంది. సగం బ్యాంకు లోన్ మంజూరయ్యాక, మిగతా సగం రిజిస్ట్రేషన్లు అయ్యి యూనిట్ నడిచే దశకు వచ్చాక. కాబట్టి డీఆర్పీకి మీరు ఫీజు ఇవ్వక్కర్లేదు. మీ యూనిట్ నిలబడితేనే ఆయనకు పూర్తి డబ్బు వస్తుంది కనుక మొహమాటపడకుండా ఫోన్ చేయండి.

ఇక్కడ చాలామంది ఒక చోట పొరబడుతున్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అప్పుడు కైకలూరు వైపు గ్రామాలు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. తాడేపల్లిగూడెం, ఆకివీడు పశ్చిమ గోదావరిలో ఉండగా, ఆ జిల్లా కేంద్రం భీమవరం అయింది. గూడెం వాళ్లు పాత అలవాటు కొద్దీ ఏలూరు వెళ్లి, అక్కడ తిరిగి తిరిగి విసిగి, చివరికి బయట కన్సల్టెంట్‌ను పట్టుకుంటున్నారు. మీ యూనిట్ ఉన్న ఊరు ఏ జిల్లాలో ఉందో, ఆ జిల్లా పరిశ్రమల కేంద్రంలో డీఆర్పీ ఎవరని అడగండి. పల్లెల్లో పొదుపు సంఘం అక్కచెల్లెళ్లు వెలుగు ఆఫీసులో, పట్టణాల్లో ఉన్నవారు మెప్మాలో అడగవచ్చు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్ ఉంటే చాలు. ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్ జెమ్‌లో అమ్మకందారుగా పేరు నమోదు కూడా ఉచితమే. చిన్న ఆహార యూనిట్‌కు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి రూ.100. ఎవరైనా కూర్చుని ఫారం నింపిపెడితే వాళ్ల శ్రమకు కొంత ఇవ్వడంలో తప్పులేదు. దాన్నే "గవర్నమెంటు ఫీజు" అని చెప్పి వేలు అడిగితే మాత్రం రసీదు చూపించమనండి.

ఉద్యమ్‌లో ఒక్క గడి తప్పితే

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల జరిగే నష్టం వెంటనే కనపడదు. ఉద్యమ్ ఫారంలో మీది తయారీయా, సేవా, వ్యాపారమా అని అడుగుతుంది. పచ్చడి మీరే పడుతున్నారు, ఉల్లి మీరే వేయిస్తున్నారు కాబట్టి మీది తయారీ. తొందరలో ఫారం నింపేవాళ్లు కొందరు "వ్యాపారం" అని పెట్టేస్తారు. 2021 జూలై నుంచి చిల్లర, హోల్‌సేల్ వ్యాపారులకూ ఉద్యమ్ ఇస్తున్నారు కనుక సర్టిఫికెట్ వచ్చేస్తుంది, చూడటానికి అంతా బాగానే ఉంటుంది. కానీ వ్యాపారులకు దానివల్ల వచ్చేది బ్యాంకు ప్రాధాన్యతా రుణాల లాభం మాత్రమే. ప్రభుత్వ కొనుగోళ్లలో చిన్న యూనిట్లకు ఇచ్చే మినహాయింపులు వాళ్లకు వర్తించవు. అమ్మిన డబ్బు ఆలస్యమైతే వడ్డీతో రాబట్టుకునే హక్కూ అంతే. ఈరోజే సర్టిఫికెట్ తీసి ఆ గడి చూసుకోండి. తప్పుంటే ఉద్యమ్ వెబ్‌సైట్‌లోనే మార్చుకోవచ్చు, దానికీ ఫీజు లేదు.

మెషీన్ కొనిపెట్టే మనిషి

కన్సల్టెంట్‌ను మొదట అడగాల్సిన మాట ఒక్కటే: "మీకు డబ్బు ఎవరిస్తారండీ?" మెషీన్ కంపెనీ నుంచి కమీషన్ తీసుకుంటూ మీ దగ్గరా ఫీజు తీసుకునే మనిషి మీ తరఫున బేరం ఆడలేడు. కమీషన్ తీసుకోవడం నేరమేమీ కాదు. అలాంటప్పుడు ఆయన్ను సేల్స్‌మన్‌గా చూడండి, ఫీజు మాత్రం ఇవ్వకండి.

కొటేషన్లు కనీసం మూడు తీసుకోండి. ఒకే మనిషి తెచ్చిన మూడు కొటేషన్లు లెక్కలోకి రావు. ఒకటైనా మీరు సొంతంగా ఫోన్ చేసి తెప్పించుకున్నది ఉండాలి. అందులో మెషీన్ సామర్థ్యం, మోటారు హార్స్‌పవర్, సింగిల్ ఫేజా త్రీ ఫేజా, రవాణా, బిగింపు, ఏడాదిలో పాడైతే ఎవరొస్తారు అన్నవి రాసి ఉండాలి. ఊళ్లో త్రీ ఫేజ్ లైను లేకుండా మెషీన్ దిగితే, అది లైను వచ్చేదాకా మూలన పడి ఉంటుంది. బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు.

ఇక "కొటేషన్ ఎక్కువ వేయిద్దాం, సబ్సిడీ ఎక్కువొస్తుంది" అనే మాట. దీనికి లెక్క వేసి చూద్దాం. సబ్సిడీ 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షలు. మీ వాటా కనీసం 10 శాతం. ఉదాహరణకు మెషీన్ అసలు ధర 4 లక్షలు అనుకోండి. సబ్సిడీ 1,40,000. దాన్నే 5 లక్షలకు వేయిస్తే సబ్సిడీ 1,75,000. అంటే పెరిగింది 35,000. దానికోసం మీరు అదనంగా తెచ్చింది లక్ష, అందులో 10,000 చేతి డబ్బు, 90,000 బ్యాంకు అప్పు. సబ్సిడీ పెరిగిన 35,000 పోను మిగతా 65,000, దాని వడ్డీ మీ మీదే. ఆ లక్ష ఎటు పోయింది? కొంత మీకు నగదుగా తిరిగిస్తామంటారు, మిగతాది పంచుకుంటారు. తనిఖీలో దొరికితే కేసు మీ పేరు మీద, ఎందుకంటే సంతకం మీది. పైగా ఆ సబ్సిడీ ముందే మీ చేతికి రాదు. బ్యాంకులోనే ఉంటుంది. మూడేళ్లపాటు యూనిట్ నడుస్తూ లోన్ సక్రమంగా కడుతుంటేనే అప్పులో సర్దుతారు. మూడేళ్ల తర్వాత ఆ కన్సల్టెంట్ ఫోన్ ఎత్తుతాడా అన్నది మీరే ఆలోచించుకోండి.

కొల్లేరు వాళ్లకు ఇంకొక జాగ్రత్త. 1999లో ఐదో కాంటూరు వరకు కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. "అడ్రసు ఏదైనా పర్లేదు, ఇంటి పేరు మీద వేసేద్దాం" అని ఎవరన్నా ఒప్పుకోకండి. షెడ్డు వేయబోయే సర్వే నంబరు ఆ పరిధిలో ఉందో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే అటవీ శాఖ, రెవెన్యూ వాళ్ల దగ్గర తేల్చుకోండి. భూమి ఖరీదు ఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చు కింద రాదు, అదీ గుర్తుంచుకోండి.

సరుకు కొనిపెట్టే మనిషి

ఇక్కడ మాత్రం తెలిసిన మనిషికి డబ్బు ఇవ్వడం లాభమే. గూడెం ఉల్లి మార్కెట్‌లో కర్నూలు సరుకు, మహారాష్ట్ర సరుకు పక్కపక్కనే ఉంటాయి. ఏది వేయిస్తే రంగు నిలుస్తుందో, ఏ బస్తా అడుగున మొలకలున్నాయో కొత్తగా యూనిట్ పెట్టినవారికి ఒక సీజన్ నష్టపోతే గానీ తెలియదు. కొల్లేరు చెరువుల దగ్గర బొచ్చె, శీలావతి కొనేటప్పుడూ అంతే. నీళ్లు కారకముందు కాటా వేస్తే ఎన్ని కేజీల నీళ్లు కొన్నామో ఇంటికొచ్చాకే తెలుస్తుంది.

కానీ ఇచ్చే పద్ధతి చూసుకోండి. కొన్న విలువ మీద రెండు శాతం అని ఒప్పుకుంటే, టన్ను ఉల్లి కేజీ 20 చొప్పున కొంటే ఆయనకు 400 వస్తుంది. 24 చొప్పున కొంటే 480 వస్తుంది. మీకు 4,000 నష్టం, ఆయనకు 80 లాభం. గట్టిగా బేరమాడాలని ఆయనకెందుకు అనిపిస్తుంది? అందుకే బస్తాకింత, లేదా రోజుకింత అని మాట్లాడుకోండి. కుళ్లు, మొలకలు, తరుగు ఎంతవరకు ఒప్పుకుంటారో ముందే అనుకోండి. చేపలైతే నీళ్లు కారాకే కాటా, ఐసు ఖర్చు ఎవరిది అన్నది కూడా. డబ్బు అమ్మినవారి ఖాతాకు మీరే వేయండి, ఆయన చేతికి ఇవ్వకండి.

ప్రభుత్వానికి అమ్మాలంటే

కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న యూనిట్ల దగ్గర కొనాలని నిబంధన. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల యూనిట్లకు, 3 శాతం మహిళల యూనిట్లకు. ఈ విధానం 2012లో వచ్చింది, 25 శాతం అయింది 2018లో. టెండర్ ఫారం ఉచితం, ఈఎండీ కట్టనక్కర్లేదు. పెద్ద కంపెనీ 100కు కోట్ చేసి మీరు 112కు కోట్ చేశారనుకోండి, తేడా 15 శాతం లోపే కనుక, 100కు ఇస్తామంటే ఆర్డర్‌లో కొంత భాగం మీకు రావాలి. ఆర్డర్ వచ్చాక సెక్యూరిటీ డిపాజిట్ మాత్రం అడగవచ్చు. రాష్ట్ర శాఖల టెండర్లలో నిబంధనలు వేరుగా ఉంటాయి, ఆ టెండర్ కాగితంలో ఏముందో చూడాలి. పొదుపు సంఘాలకు, మహిళలకు జెమ్‌లో వుమానియా అనే విభాగం 2019 నుంచి ఉంది.

ఇవి చదివి అర్థం చేసుకుని, గడువులోపు కాగితాలన్నీ ఎక్కించడానికి మొదటి రెండు మూడు టెండర్లకు కన్సల్టెంట్‌ను పెట్టుకోవడం సబబే. చిన్న కాగితం ఒక్కటి తగ్గినా టెండర్ పోతుంది. ఒక్కో టెండర్‌కు ఇంత అని ఫీజు మాట్లాడుకోండి. "ఆఫీసులో మనవాళ్లున్నారు, ఆర్డర్ గ్యారంటీ" అన్న మనిషితో మాత్రం అక్కడితో ఆపేయండి. అది లంచం మాట. బయటపడితే మీ యూనిట్‌నే బ్లాక్‌లిస్ట్‌లో పెడతారు.

జెమ్ ఖాతాకు మీ మొబైల్, మీ ఈమెయిలే ఉండాలి. కన్సల్టెంట్ నంబరు పెడితే ఆర్డర్ వచ్చిన సంగతి మీకు తెలియదు. సరుకు టైముకు పంపకపోతే ఖాతా సస్పెండ్ అయ్యేది మీది. పాస్‌వర్డ్, ఓటీపీ ఇవ్వకండి. టెండర్లకు వాడే డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో ఇస్తారు. ఆ టోకెన్, దాని పిన్ కన్సల్టెంట్ ఆఫీసులో వదిలేసి రావడమంటే, సంతకం చేసిన ఖాళీ బాండు పేపరు ఇచ్చి రావడమే. పని ఉన్నప్పుడు మీరే తీసుకెళ్లి, పక్కనే కూర్చుని, మళ్లీ తెచ్చుకోండి. ఓటీపీ చెప్పేసి ఖాతాలో డబ్బు పోయిందంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

కాగితం మీద ఏం ఉండాలి

పెద్ద భాష అక్కర్లేదు, తెలుగులోనే ఒక పేజీ చాలు. చేయాల్సిన పని, ఏ తేదీకి, ఫీజు ఎంత, ఏ దశలో ఎంత, మెషీన్ కంపెనీల నుంచి కమీషన్ తీసుకోవడం లేదన్న మాట, మధ్యలో మానేస్తే మన కాగితాలన్నీ తిరిగి ఇవ్వాలన్న మాట. ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. సంఘం అయితే తీర్మానం పుస్తకంలో రాయండి, లేకపోతే రేపు ఆ ఫీజు ఎవరు ఒప్పుకున్నారని గొడవ అవుతుంది. అడ్వాన్సు మొత్తం ఫీజులో నాలుగో వంతు దాటనివ్వకండి. నగదు వద్దు, ఖాతాకే వేయండి.

సరుకు పంపాక డబ్బు రాకపోతే

దీనికి కూడా కొందరు "రికవరీ కన్సల్టెంట్" అని వస్తున్నారు. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులో, అది ఎంతైనా 45 రోజులు దాటకుండా, కొన్నవారు డబ్బు చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో మీరే పెట్టుకోవచ్చు. ఉద్యమ్ నంబరు, ఇన్‌వాయిస్, సరుకు అందినట్టు సంతకం ఉన్న చలానా కావాలి. ఆ చలానా చిన్న చీటీ కదా అని లారీ డ్రైవర్ దగ్గరే వదిలేస్తుంటారు. దాన్ని ఆ రోజే ఫోటో తీసి, అసలు కాగితం బిల్లు పుస్తకంలో పిన్ను కొట్టి పెట్టుకోండి.