మానిపించాక మొదలయ్యే ముప్పు

ఇంట్లో ఒకరు స్మాక్‌కు బానిసయ్యారని బయటపడగానే కుటుంబానికి తట్టే దారి ఒకటే: డీ అడిక్షన్ సెంటర్‌లో చేర్చడం, కొన్ని వారాలు దాని వాసన కూడా తగలనివ్వకపోవడం, తిరిగొచ్చాక గండం గడిచిందనుకోవడం. కానీ ప్రాణాపాయం పెరిగేది సరిగ్గా ఆ తిరిగొచ్చిన రోజుల్లోనే. స్మాక్ అంటే కల్తీ హెరాయిన్. నల్లమందు జాతి మత్తులన్నిటిలాగే అదీ మెదడులో శ్వాసను నడిపే భాగాన్ని మందగింపజేస్తుంది. రోజూ వాడేవారి శరీరం అలవాటుపడి, కొత్తవాళ్లను చంపగల మోతాదును కూడా తట్టుకుంటుంది. కొన్ని వారాలు మానేస్తే ఆ తట్టుకునే శక్తి కరిగిపోతుంది. కోరిక మాత్రం పోదు, దాన్ని రగిలించే మెదడు మార్పులు నెలల తరబడి నిలిచే ఉంటాయి. అప్పుడు పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగుతుంది. 2003లో లండన్‌లో జాన్ స్ట్రాంగ్ బృందం ఆస్పత్రిలో మత్తు మానిపించిన 137 మంది గురించి ఆరా తీస్తే, నాలుగు నెలల్లో ఓవర్‌డోస్‌తో పోయిన ముగ్గురూ చికిత్స పూర్తిచేసినవారే. ముగ్గురే కదా అనొచ్చు. కానీ జైలు నుంచి విడుదలైనవారి తొలి వారాల మరణాలూ అనేక దేశాల్లో ఇదే కథ చెబుతున్నాయి.

అందుకే ఘాజియాబాద్‌లోని ఎయిమ్స్ జాతీయ మత్తు చికిత్సా కేంద్రం మానిపించడంతో ఆగదు. ఢిల్లీలోని త్రిలోక్‌పురి, సుందర్ నగరి లాంటి బస్తీల్లో క్లినిక్‌లు నడుపుతోంది. అక్కడి ముఖ్యమైన ఔషధాల్లో ఒకటి బుప్రెనార్ఫిన్, నాలుక కింద కరిగే మాత్ర. మెట్రోలో సీటు పట్టిన ప్రయాణికుడిలా అది హెరాయిన్ చేరాల్సిన గ్రాహకాలను ఆక్రమించి, తర్వాత వచ్చే హెరాయిన్‌కు చోటివ్వదు. పైగా దాని ప్రభావం ఒక స్థాయి దాటి పెరగదు కాబట్టి వేరే మత్తులతో కలపకుండా వాడినప్పుడు శ్వాస ఆగే ప్రమాదం తక్కువ. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష ప్రకారం, ఈ చికిత్సలో కొనసాగుతున్నవారిలో ఏడాదికి వెయ్యి మందికి 4.3 మరణాలుంటే, ఆపేసినవారిలో 9.5.

ఒక మత్తు తీసి ఇంకో మత్తు పెట్టడమేగా అన్నది పాత అభ్యంతరం. ఔషధంపై ఆధారపడటం నిజమే, దాచాల్సిన పని లేదు. కానీ వ్యసనాన్ని వ్యసనం చేసేది మాత్ర కాదు. మత్తు కోసం దొంగతనం, పొద్దున్నే వణుకు, పనికి పోలేని ఒళ్లు. సరైన మోతాదులో ఈ మూడూ తగ్గుతాయి. రెండో అభ్యంతరానికి బరువెక్కువ: ఇదే బుప్రెనార్ఫిన్‌ను ఢిల్లీ వీధుల్లో ఏళ్ల తరబడి సిరంజిలతో ఎక్కించుకున్నారు. మాత్రను సిబ్బంది ఎదుటే వేయించడం ఒక కట్టడి. నాలోక్సోన్ కలిపిన మాత్ర మరొకటి: నాలుక కింద పెట్టుకుంటే నాలోక్సోన్ పెద్దగా ఒంటికి పట్టదు, సూదితో ఎక్కిస్తే మాత్రం మత్తును అడ్డుకుంటుంది. దుర్వినియోగం దీంతో మాయం కాదు, తగ్గుతుంది. ఆ మిగిలిన కొంచెం కోసం చికిత్సే వద్దనడం నాకు అర్థం కాని లెక్క.

ఆ ఎయిమ్స్ కేంద్రమే నడిపిన 2019 జాతీయ సర్వే ప్రకారం నల్లమందు జాతి మత్తులకు సాయం కావలసినవారు దాదాపు 77 లక్షలు. వారిలో సగానికిపైగా కొన్ని రాష్ట్రాల్లోనే ఉన్నారు. ఆ జాబితాలో ఢిల్లీ, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లతో పాటు మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. వీళ్లకు మూడు వారాల మంచాలకంటే ముందు కావలసింది, ఉదయం మాత్ర వేసుకుని కూలికి వెళ్లగలిగేంత దగ్గరలో ఒక క్లినిక్.