ప్రశ్న ఇంగ్లిషులో, జవాబు తెలుగులో

సిక్కోలు, విజయనగరం కుర్రాళ్ల సివిల్స్ చదువు

2017 మే 31న సివిల్స్ ఫలితాలు వచ్చాయి. దేశం మొత్తం మీద 11 లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టిన పరీక్షలో చివరికి నెగ్గినవారు 1,099 మంది. ఆ జాబితాలో మూడో పేరు రోణంకి గోపాలకృష్ణది. ఊరు శ్రీకాకుళం జిల్లా పలాస మండలం పారసంబ. రైతు కుటుంబం. సర్కారు బడిలో సెకండరీ గ్రేడ్ టీచరుగా పాఠాలు చెప్పుకుంటూనే ఆయన ఈ పరీక్షకు చదివారు. మెయిన్స్ తెలుగులో రాశారు. ఆప్షనల్ తెలుగు సాహిత్యం. ఢిల్లీలో ఇంటర్వ్యూ బోర్డు ముందు కూడా అనువాదకుడి సాయంతో తెలుగులోనే మాట్లాడారు. వెనకబడిన ప్రాంతం వాడివని హైదరాబాదులో కోచింగ్ సెంటర్లు తనను చేర్చుకోలేదని ఆయనే అప్పట్లో పత్రికలకు చెప్పారు.

ఆ ర్యాంకును మనం పండగ చేసుకున్నాం. చేసుకోవలసిందే. అయితే ఆయన ఏ గోడ దాటి అక్కడికి చేరారో చూడకుండా చప్పట్లు కొడితే, ఆ గోడ వెనక ఆగిపోయినవాళ్లకు అన్యాయం చేసినట్టే.

ఉత్తరాంధ్ర పల్లెల్లో సివిల్స్ మొదటి మెట్టు కాదు. ముందు డీఎస్సీ కొట్టాలి. కాకపోతే గ్రూప్స్, కానిస్టేబులు, సచివాలయం ఉద్యోగం, ఏదో ఒకటి చేతికి రావాలి. ఇంట్లో అప్పు తీరాలి, చెల్లి పెళ్లి కావాలి. ఆ తర్వాతే పెద్ద పరీక్ష. అందుకే ఇక్కడి అభ్యర్థి పుస్తకం పట్టేసరికి పగలంతా ఉద్యోగం చేసి అలసిపోయి ఉంటాడు. ఓబీసీలకు 35 ఏళ్ల దాకా తొమ్మిది అటెంప్టులు, జనరల్ వాళ్లకు 32 ఏళ్ల దాకా ఆరు అని నిబంధన చెబుతుంది. ఆడపిల్లకు మాత్రం ఇంట్లోవాళ్లు పెట్టే గడువు అంతకంటే చాలా ముందే ముగుస్తుంది. ప్రిలిమ్స్ రాయడానికి విశాఖ వెళ్లాలి, మెయిన్స్‌కు విజయవాడ, ఇంటర్వ్యూకు ఢిల్లీ షాజహాన్ రోడ్డులోని ధోల్పూర్ హౌస్. కోచింగ్ కావాలంటే విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ అశోక్‌నగర్ చేరాలి. అక్కడి ఫీజు, గది అద్దె, మెస్సు ఖర్చు కలిస్తే కౌలు రైతు ఇంటికి అది మోయలేని బరువు.

ఈ కష్టాలన్నీ పేద ప్రాంతాలన్నిటికీ ఉన్నవే. తెలుగు మీడియం అభ్యర్థికి వీటిపైన ఇంకొకటి ఉంది, దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. కొఠారీ కమిటీ సిఫారసుతో 1979 నుంచి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో దేనిలోనైనా జవాబు రాయవచ్చు. ప్రశ్నపత్రాలు మాత్రం, భాషా సాహిత్యాల పేపర్లను మినహాయిస్తే, ఇంగ్లిషులోనూ హిందీలోనూ తప్ప రావు. జనరల్ స్టడీస్ పేపరు ఒక్కొక్కటి 250 మార్కులు, మూడు గంటలు, ఇరవై ప్రశ్నలు. అంటే ప్రశ్నకు తొమ్మిది నిమిషాలు. హిందీ అభ్యర్థి తన భాషలో చదివి తన భాషలో రాస్తాడు. మనవాడు ఆ తొమ్మిది నిమిషాల్లోనే ఇంగ్లిషు ప్రశ్నలోని మెలిక పట్టుకుని, దాన్ని మనసులో తెలుగు చేసుకుని, ఆపైన జవాబు కూర్చాలి. సాంకేతిక పదాలకు పక్కనే బ్రాకెట్లో ఇంగ్లిషు మాట రాసుకునే వెసులుబాటు ఉంది, అంతవరకే.

ప్రిలిమ్స్ మరీ కఠినం. రెండో పేపరు, సీశాట్, 2011లో వచ్చింది. ఆ మార్కులు మెరిట్‌లో కలిసిన నాలుగేళ్లలో ప్రాంతీయ భాషల పిల్లలు బాగా నష్టపోయారని 2014లో ఢిల్లీ వీధుల్లో ఆందోళన జరిగింది. 2015 నుంచి దాన్ని 33 శాతం వస్తే చాలన్న అర్హత పేపరుగా మార్చారు. అంతకుముందు 2013 మార్చిలో అసలు ప్రాంతీయ భాషల్లో రాసే అవకాశానికే కత్తెర వేయబోయారు. పార్లమెంటులో గొడవయ్యాకే వెనక్కి తగ్గారు.

చదువుకునే సామగ్రి సంగతి కూడా ఇంతే. ఎన్సీఈఆర్టీ పుస్తకాలు, ఎకనమిక్ సర్వే తెలుగులో దొరకడం కష్టం. తెలుగు అకాడమీ పుస్తకాలు, యోజన తెలుగు సంచిక, దినపత్రికలు పునాదికి పనికొస్తాయి. మిగతాదంతా అభ్యర్థి స్వయంగా తెలుగు చేసుకోవలసిందే. ఈ తర్జుమా వల్ల ఒక మేలూ ఉంది. అర్థం కానిదాన్ని తెలుగు చేయలేం గనక, తెలుగులో రాసుకున్న నోట్సు బట్టీ నోట్సు కాదు. కానీ దానికి పోయే నెలలను ఏ అటెంప్టులోనూ ఎవరూ కలపరు.

పరీక్ష గదిలో ఏ భాష రాయాలన్న తగవు ఈ నేలకు కొత్త కాదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి, విజయనగరం మహారాజా కాలేజీలో చదివి అక్కడే పాఠాలు చెప్పిన గురజాడ అప్పారావు, విద్యార్థి తాను మాట్లాడే శిష్ట వ్యావహారికంలో పరీక్ష రాయనివ్వాలని పోరాడారు. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు కాంపోజిషన్ కమిటీలో 1914లో గురజాడ రాసిన సుదీర్ఘమైన అసమ్మతి పత్రం ఆ పోరులోదే. అప్పటికి గ్రాంథికమే గెలిచింది. మరుసటి ఏడాది గురజాడ కన్నుమూశారు. ఇవాళ అదే గురజాడ కథలు, సిక్కోలులో పుట్టిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’ సివిల్స్ తెలుగు ఆప్షనల్ సిలబస్‌లో ఉన్నాయి. ఈ ఆప్షనల్ ఎంచుకున్న పలాస కుర్రాడికి, నన్నయ దుష్యంత చరిత్ర నుంచి శ్రీశ్రీ మహాప్రస్థానం దాకా సాగే ఆ దారిలో సొంతూరి మనుషులు ఎదురవుతారు. ప్రశ్నపత్రం తెలుగులోనే వచ్చే మెరిట్ పేపర్లు కూడా ఈ ఆప్షనల్‌లోని రెండు పేపర్లే.

ఒక మాట ఒప్పుకోవాలి. ఇంగ్లిషు వదిలేసి ఈ పరీక్ష గట్టెక్కలేం. మెయిన్స్‌లో 300 మార్కుల ఇంగ్లిషు పేపరులో 25 శాతం రాకపోతే మిగతా పేపర్లు లెక్కలోకి రావు. తెలుగు పేపరుకూ అదే నియమం. రోజూ ఒక ఇంగ్లిషు పత్రిక చదవడం తెలుగు మీడియం వాళ్లకే ఎక్కువ అవసరం. ఇంగ్లిషు అర్థమైతే చాలన్నది న్యాయం. ఇంగ్లిషులో ఆలోచించేవాడికే సమయం మిగలడం న్యాయం కాదు.

కేంద్రానికి ఇది చేతకాని పని కూడా కాదు. నీట్ ప్రశ్నపత్రం 2017 నుంచి, జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ ఇస్తున్నారు. కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పరీక్షను 2024 నుంచి 13 ప్రాంతీయ భాషల్లో కూడా పెడుతున్నారు, అందులో తెలుగు ఉంది. కానిస్టేబుల్‌కు అచ్చువేయగలిగిన భాషను కలెక్టరు పరీక్షకు ఎందుకు అచ్చువేయరో మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. రాష్ట్రం చేయగలిగింది ఇంకా చిన్నది: ఎకనమిక్ సర్వేను, ఎన్సీఈఆర్టీ చరిత్ర, భూగోళం పుస్తకాలను ఏటా వేళకు తెలుగు చేయించి శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం గ్రంథాలయాల్లో పెట్టడం, డ్యూటీ దిగి వచ్చేవాళ్ల కోసం ఆ గ్రంథాలయాలను రాత్రి పదింటి దాకా తెరిచి ఉంచడం.