గడప నుండి స్టేషన్ దాకా

మొన్నొక రాత్రి హైదరాబాదులో, ఉప్పల్ లోపలి కాలనీలో ఉండే ఒక కుటుంబాన్ని చూడబోయాను. భర్తకు నాచారంలో ఉద్యోగం. భార్య అమీర్‌పేటలోని ఒక బట్టల దుకాణంలో పని చేస్తుంది. తొమ్మిదిన్నర దాటినా ఆమె ఇంటికి రాలేదు. పిల్లలిద్దరూ పళ్లెం ముందు కూర్చొని కునికిపాట్లు పడుతున్నారు. చివరికి ఆమె రొప్పుతూ వచ్చింది.

"ఏమ్మా, మెట్రోలో వస్తే ఇంత ఆలస్యం కాదు గదా!" అన్నాను.

"నిజమే అయ్యగారూ! కానీ స్టేషన్‌కు ఇక్కడి నుండి రెండు కిలోమీటర్లు. రాత్రిపూట ఆ సందులో దీపాలుండవు. ఆటోకూ టికెట్టుకూ కలిపితే జీతంలో ఏం మిగులుతుంది? బస్సయితే ఉచితం" అన్నది.

ఆ మాట నన్ను ఆలోచింపజేసింది. ఎవరు ఏ వాహనం ఎక్కాలో నిర్ణయించేది ఏమిటి? డబ్బు అని వెంటనే అంటాము. అందులో నిజం లేకపోలేదు. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో, 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఆ తర్వాత బస్సుల్లో స్త్రీల సంఖ్య ఎంత పెరిగిందో మనమందరం చూశాము.

అయితే చార్జీ ఒక్కటే కారణం కాదు. 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైలుకు చార్జీ చాలా తక్కువ. అయినా రైలుకూ రైలుకూ మధ్య వ్యవధి ఎక్కువ గనుక ఎంతోమంది దానిని నమ్ముకోలేకపోయారు. కదిలే బండిలో అరగంట కూర్చోగలము. వస్తుందో రాదో తెలియని బండి కోసం పది నిమిషాలు నిలబడడమే కష్టం.

ఇంకొకటి, ఇంటి గడప నుండి స్టేషన్ దాకా ఉన్న దూరం. నాగోల్ నుండి అమీర్‌పేటకు 2017 నవంబరులోనే మెట్రో వచ్చింది. ఉప్పల్ స్టేషన్ ఆ దారిలోనే ఉన్నది. అయినా స్టేషన్‌కు చేర్చే దారి చీకటిగా ఉంటే ఒంటరి స్త్రీకి ఆ రైలు ఉన్నా లేనట్టే.

మోటారు సైకిలు సంగతి వేరు. దాన్ని కొన్నాక పెట్రోలు ఒక్కటే లెక్కకు వస్తుంది. వాయిదాలు, ఇన్సూరెన్సు, రిపేర్లు మరచిపోతాము. ఒకసారి అలవాటైతే రోజూ ఆలోచించము, తాళంచెవి చేతిలోకి దానంతట అదే వస్తుంది. ఇల్లు మారినప్పుడో, ఉద్యోగం మారినప్పుడో, బిడ్డ పుట్టినప్పుడో మాత్రమే మళ్లీ ఆలోచిస్తాము.

కానీ ఆ తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నది? 2011 జనాభా లెక్కల్లో, పనికి ఎలా వెళతారని కూడా అడిగారు. మన దేశంలో కారులో వెళ్లేవారికంటే నడిచి వెళ్లేవారు ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. ద్విచక్ర వాహనం మీద వెళ్లేవారిలో పురుషులే అధికం. ఇంట్లో ఒక్కటే బండి ఉంటే అది సాధారణంగా భర్తకే. అలాగని ఎవరూ కూర్చొని నిర్ణయించరు, అలా జరిగిపోతుంది.

ఆ ఇంట్లోనూ అంతే. "బాబూ, నీ కంపెనీ ఎంత దూరం?" అని అడిగాను. "నాలుగు కిలోమీటర్లండీ" అన్నాడు. తర్వాత తల దించుకొని కాసేపు మాట్లాడలేదు. గోడ పక్కన బండి నిలబడి ఉన్నది.

ఇప్పుడతడు ఉదయం భార్యను మెట్రో స్టేషన్ దగ్గర దించి పనికి వెళుతున్నాడు. రాత్రి మళ్లీ వెళ్లి తీసుకొస్తున్నాడు. టికెట్టు ఖర్చు పెరిగింది గాని, పిల్లలు అమ్మతో కలిసి భోజనం చేస్తున్నారు.

చదువరులారా, ఒక సాయంకాలం మీరూ ఇంటిల్లిపాది కూర్చోండి. ఎవరు ఎంత దూరం వెళుతున్నారు, ఎంతసేపు నిలబడుతున్నారు, ఏ చీకటి దారిన నడుస్తున్నారు, ఒకరినొకరు అడగండి. అద్దె ఇల్లు వెదికేటప్పుడు గదులు చూసినట్టే, బస్టాపు వరకు ఒకసారి రాత్రివేళ నడిచి చూడండి. వీధిదీపం వెలగకపోతే నలుగురూ కలిసి అర్జీ పెట్టండి. రైళ్లు, బస్సులు వేయడం మన చేతిలో లేదు. తాళంచెవి మాత్రం మన ఇంట్లోనే ఉన్నది.